వాసెన గుడ్డ నుంచి ఫ్రిజ్ తలుపు దాకా

పాత తెలుగు ఇళ్ళలో ఏడాది ఆవకాయ ఉన్న పెద్ద జాడీ భోజనాల దగ్గరికి వచ్చేది కాదు. సామాన్ల గదిలో ఓ చీకటి మూల, మూతి మీద గుడ్డతో వాసెన కట్టి, నేల చెమ్మ తగలకుండా పీట మీద ఉండేది. వారానికో పదిరోజులకో ఇంటి పెద్దావిడే దాన్ని విప్పేది. చేతులు తుడుచుకుని, పొడి గరిటెతో కావలసినంత చిన్న జాడీలోకి తీసి, మిగిలిన ముక్కల్ని నూనె కప్పేలా సర్ది, వాసెన మళ్ళీ బిగించేది. రోజూ నలుగురి చేతులూ పడేది చిన్న జాడీ మీదే. అది పాడైనా పోయేది వారం పచ్చడే తప్ప ఏడాది పచ్చడి కాదు.

విప్పిన పచ్చడిని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న ఫ్రిజ్‌తో పాటు వచ్చింది కాదన్నమాట. నిల్వకొకటి, వాడకానికొకటి అని రెండు జాడీలు పెట్టుకున్న ఇల్లు ఆ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పుకుంది. ఫ్రిజ్ వచ్చాక మారింది వేరే: ఆ జవాబుకు ఆధారమైన ఉప్పు.

ఊరగాయ మనకు చాలా పాతది. ఇప్పటి ఎర్రటి ఆవకాయ మాత్రం అంత పాతది కాదు. మిరపకాయ పోర్చుగీసు ఓడలతో 16వ శతాబ్దంలో ఈ దేశానికి వచ్చిన పంట. 1509 నుంచి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు పెట్టే భోజనాన్ని ఋతువు ఋతువుకీ వర్ణించాడు. అందులో చలికాలపు విస్తట్లో మిరియాల పొడి చల్లిన కూరలున్నాయి, ముక్కు అదిరే ఆవపచ్చళ్ళున్నాయి, ఊరగాయలున్నాయి. మిరపకాయ లేదు. అంటే ఉప్పు, ఆవ, పులుపు కలిసి కాయను నిలవబెట్టే పద్ధతి మనవాళ్ళకు కారం రాకముందే చేతనయింది. కారం తర్వాత వచ్చి రంగూ రుచీ తెచ్చింది.

రాయలకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు ఈ సముద్రాల మీద తిరిగిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, పచ్చి మామిడికాయల్ని ఉప్పులో ఊరబెట్టుకునే అలవాటును మన దేశంలోనే చూసి రాసుకున్నాడు. 1340లలో తూర్పు సముద్ర ప్రయాణంలో తవాలిసీ అనే దేశపు రాజకుమార్తె అతనికిచ్చిన కానుకల్లో నాలుగు మర్తబాన్ జాడీలున్నాయి. వాటి నిండా అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు, అన్నీ ఓడ ప్రయాణానికి తగినట్టు ఉప్పులో ఊరినవి. మర్తబాన్ బర్మా తీరంలోని రేవు. అక్కడినుంచి ఎగుమతయ్యే మెరుగు పూసిన పెద్ద జాడీలు హిందూ మహాసముద్రం పొడవునా ఆ ఊరి పేరుతోనే చలామణీ అయ్యాయి. ఉత్తరాదిలో ఊరగాయ జాడీకి ఇప్పటికీ ఆ పేరే వాడేవాళ్ళున్నారు. నెలల తరబడి ఒడ్డు కనపడని ఓడలో విప్పిన జాడీ పాడు కాకూడదు. ఆ అవసరమే జాడీకీ ఊరగాయకీ చుట్టరికం కలిపింది.

జాడీయే ఎందుకంటే, పులుపు లోహాన్ని తింటుంది. ఇత్తడి గిన్నెలో మామిడి ముక్క ఓ పూట ఉంటే చిలుము పడుతుంది. కళాయి పోసిన గిన్నె వంటకు పనికొస్తుంది గానీ ఏడాది నిల్వకు కాదు. మెరుగు లేని మట్టికుండ నూనె పీలుస్తుంది, లోపలి తడిని బయటికీ బయటి చెమ్మను లోపలికీ రానిస్తుంది. గట్టిగా కాల్చి మెరుగు పూసిన జాడీకి ఈ లోపాలేవీ లేవు. పైగా మందంగా ఉంటుంది కాబట్టి బయటి ఎండ వేడి లోపలికి ఆలస్యంగా చేరుతుంది, వెలుతురు అసలు చేరదు. వెలుతురు తగిలిన నూనె తొందరగా కంపుకొడుతుంది, కారం రంగు వెలిసిపోతుంది.

ఇక లోపల జరిగేది చూస్తే, ఆవకాయలో ఒకటి కాదు, నాలుగు కాపలాలున్నాయి. మొదటిది మామిడి పులుపు. పచ్చికాయ పీహెచ్ 3 దగ్గర ఉంటుంది. మనిషిని చంపగల బొటులినం బ్యాక్టీరియా 4.6 కంటే తక్కువ పీహెచ్‌లో పెరగలేదు. రెండోది ఉప్పు. ముక్కలోని నీటిని అది బయటికి లాగుతుంది, మిగిలిన నీటిని సూక్ష్మజీవులకు అందకుండా పట్టి ఉంచుతుంది. మూడోది ఆవపిండి. పచ్చి ఆవపిండికి తడి తగిలితే లోపలి ఎంజైము పనిచేసి ముక్కు అదిరే ఘాటు పుడుతుంది. ఆ ఘాటుకు బూజునూ బ్యాక్టీరియానూ అణిచే గుణం ఉంది. ఆవాలు వేయిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఆవకాయకు ఆవాల్ని వేయించకుండా ఎండలో పెట్టి దంచాలన్న పెద్దవాళ్ళ పట్టుదల వెనక ఇంత సంగతి ఉంది. నాలుగోది నూనె. పప్పునూనె, అంటే నువ్వుల నూనె, చాలా నూనెల కంటే ఆలస్యంగా కంపుకొడుతుంది. నువ్వుల్లో సహజంగా ఉన్న పదార్థాలే దానికి కాపు.

ఈ నాలుగింటిలో నూనె పనినే చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నూనె దేన్నీ చంపదు. గాలిని మాత్రం అడ్డుకుంటుంది. బూజుకు గాలి కావాలి కాబట్టి నూనెలో మునిగిన ముక్కకు బూజు పట్టదు, నూనె దిగిపోయి పైకి తేలిన ముక్కకు పడుతుంది. మూడో రోజు జాడీ విప్పి, అడుగునుంచి పైకి తిరగకలిపి, ఉప్పు చూసి, తగ్గిన నూనె పోసే అలవాటు అందుకే. అప్పటికి ముక్క నీరు విడిచి, పిండి నూనె పీల్చి, పై ముక్కలు బయటపడి ఉంటాయి.

ఆవకాయ కంటే ఈ నిల్వ విద్య స్పష్టంగా కనపడేది చింతకాయ తొక్కులో. గింజ ముదరని చింతకాయల్ని కడిగి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరేదాకా పరిచి, కల్లుప్పూ పసుపూ వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచుతారు. జాడీలో పెట్టిన రెండు మూడు రోజులకు తీసి, ఈనెలూ గింజలూ ఏరి, మళ్ళీ దంచి, గట్టిగా అదిమి పెడతారు. అందులో కారం ఉండదు, పోపు ఉండదు, నూనె చుక్క ఉండదు. పులుపూ ఉప్పూ, అంతే. ఏడాది గడిచేసరికి రంగు ముదురుతుందే గానీ పాడవదు. కావలసినప్పుడు ఓ ముద్ద తీసి, ఎండుమిరపకాయలో పచ్చిమిరపకాయలో మెంతిపొడితో నూరి, ఇంగువ పోపు పెడితే ఆ నాలుగు రోజులకు పచ్చడి. ఉసిరి తొక్కుదీ ఇదే దారి. పాడయ్యే గుణమున్న పచ్చిమిరపకాయ, కొత్తిమీర, పోపు నిల్వలోకి వెళ్ళవు, వాడకంలోకే వస్తాయి. ఏది ఏడాది నిలుస్తుందో, ఏది నాలుగు రోజులే నిలుస్తుందో ఇంత తేటగా విడదీసి పెట్టుకున్న వంటింటికి చదువు లేదనడం అన్యాయం.

ఆ వంటింటి నియమాల్లో అన్నీ మంచివే కావు. తడి చెయ్యి తగలకూడదు, ఎంగిలి గరిటె పెట్టకూడదు, వాన పడ్డాక కోసిన కాయ వాడకూడదు అన్నవాటికి కారణాలున్నాయి. బయటున్న ఆడమనిషి నీడ పడితే పచ్చడి చెడుతుందన్న మాటకు ఏ కారణమూ లేదు. పచ్చడి చెడితే నింద మోసింది మాత్రం తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్ళే. ఉప్పు చాలకనో, కాయ తుడవడంలో తడి మిగిలో చెడిన జాడీకి ఎవరో కోడలు మాటపడింది. పచ్చళ్ళ చరిత్ర రాసేవాళ్ళు దీన్ని దాటవేయకూడదు.

ఉప్పుకూ చరిత్ర ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ప్రభుత్వం 1805లో ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చుకుంది. నౌపడ, చినగంజాం లాంటి చోట్ల సముద్రపు నీరు కళ్ళ ముందే కొటార్లలో గడ్డకడుతున్నా, ఆ ఉప్పు సర్కారు లెక్కల్లోంచే ఇంటికి రావాలి. ఏడాదికి సరిపడా ఊరగాయ పెట్టుకునే ఇంటికి ఉప్పు చిటికెల లెక్క కాదు, శేర్ల లెక్క. 1930లో ఆంధ్ర తీరం పొడవునా ఉప్పు సత్యాగ్రహ శిబిరాలు లేచినప్పుడు జనం ఎందుకు కదిలారో అర్థం చేసుకోవడానికి ఈ జాడీ కూడా ఒక ఆధారం.

ఫ్రిజ్ రాకముందే చలి మన దేశానికి ఓడెక్కి వచ్చింది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టులో పొదిగించి, 1833లో టస్కనీ అనే ఓడలో కలకత్తాకు పంపాడు. బయల్దేరినప్పుడు 180 టన్నులు, నాలుగు నెలల ప్రయాణం తర్వాత దిగినవి సుమారు 100 టన్నులు. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1840లలో సముద్రపు ఒడ్డున ఐస్‌హౌస్ కట్టారు. ఆవిరి యంత్రాలతో మంచు చేయడం మొదలయ్యాక ఓడ మంచు వ్యాపారం కూలిపోయింది. ఆ మంచు దొరల పానీయాలకూ, కొంత ఆసుపత్రులకూ వెళ్ళింది. ఊరగాయ జాడీకి దానితో పనిలేకపోయింది.

పని పడింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో. గోద్రెజ్ 1958లో మన దేశంలో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి పేరు ఆల్విన్. 1942లో నిజాం కాలంలో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ సనత్‌నగర్‌లో బీరువాలు, బస్సు బాడీలతో పాటు ఫ్రిజ్‌లూ చేసింది. ఓ తరం మధ్యతరగతి తెలుగు ఇళ్ళలో మొదటి ఫ్రిజ్ ఆల్వినే. చాలాకాలం అది వంటింట్లో కాక ముందుగదిలో ఉండేది. నలుగురికీ కనపడాలన్న ముచ్చట ఒకటి, వంటింటి వేడీ పొగా తగలకూడదన్న జాగ్రత్త ఒకటి. 1990లలో ఆ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళింది.

ఆ ఫ్రిజ్‌లోకి ముందు వెళ్ళినవి పాలు, పెరుగు, మంచినీళ్ళ సీసాలు. తర్వాత దోసెల పిండి. ఊరగాయను అందులో పెట్టడం పెద్దవాళ్ళకు నచ్చలేదు. వాళ్ళ లెక్కలో బయట నిలవనిది ఊరగాయే కాదు.

ఈలోగా అంగడి సీసా వచ్చింది. పండ్ల ఉత్పత్తులపై కేంద్రం 1955లో తెచ్చిన ఎఫ్‌పీఓ ఉత్తర్వు ఊరగాయకు కొలతలు పెట్టింది: ఉప్పునీటి ఊరగాయలో ఉప్పు కనీసం 12 శాతం, వెనిగర్ ఊరగాయలో పులుపు కనీసం 2 శాతం. అంటే జాడీ ముందు కూర్చున్న పెద్దావిడ నాలుక మీద చూసుకున్న లెక్కను ప్రభుత్వం శాతాల్లో రాసింది. కాయ చెడకుండా కలిపే బెంజోయేట్‌కూ ఒక హద్దు గీసింది. ఉసులుమర్రు, ఆత్రేయపురం లాంటి గోదావరి ఊళ్ళు పచ్చళ్ళ పనికి పేరు తెచ్చుకున్నాయి. 1980లో మొదలైన ప్రియ పచ్చళ్ళు తెలుగు ఊరగాయను మూత బిగించిన గాజు సీసాలో దేశాలు దాటించాయి. ఏడాది జాడీ పెట్టే చోటూ తీరికా లేని ఇళ్ళకు ఆ సీసాలు నిజంగా ఆదుకున్నాయి.

సీసాతో పాటు లేబుల్ వచ్చింది, దాని మీద తెరిచాక చల్లచోట ఉంచమన్న సూచన వచ్చింది. ఆ సూచన వెనక కథ అమెరికా టమాటా కెచప్‌లో ఉంది. 1902 నుంచి హార్వీ వైలీ అనే రసాయన శాస్త్రవేత్త వాషింగ్టన్‌లో కుర్రవాళ్ళకు భోజనం పెట్టి, ఆహారంలో కలిపే మందులు ఒంటికి ఏం చేస్తాయో పరీక్షించాడు. 1906లో అక్కడ స్వచ్ఛమైన ఆహారం కోసం చట్టం వచ్చింది. ఆ రోజుల్లోనే హైంజ్ సంస్థ కెచప్‌లోంచి బెంజోయేట్ తీసేసి, పండిన టమాటాలు వాడి, వెనిగర్, పంచదార పెంచింది. మందు తీస్తే దాని పని చేసేది ఇంకేదైనా రావాలి. అక్కడ పులుపూ తీపీ వచ్చాయి. తెరిచాక మిగిలిన లోటును చలి పూడ్చింది.

చలి లేకపోతే ఏమవుతుందో చూపించినది వెల్లుల్లి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బొటులినం వల్ల వచ్చే బొటులిజం సోకింది. కారణం నూనెలో వేసి సీసాకెత్తిన తరిగిన వెల్లుల్లి. చల్లగా ఉంచమని సీసా మీద రాసి ఉన్నా, దాన్ని బయటే ఉంచారు. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో అదే పద్ధతిలో మరో ముగ్గురు జబ్బుపడ్డారు. ఆ తర్వాత అలాంటి సీసాల్లో పులుపు తప్పనిసరిగా కలపాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. వెల్లుల్లి మట్టిలో పెరిగేది, బొటులినం బీజాలు మట్టిలో ఉండేవి. వెల్లుల్లికి తనదైన పులుపు లేదు. నూనె గాలిని ఆపేసింది. గాలి లేని చోటే ఆ బ్యాక్టీరియాకు ఇల్లు. వాసన మారదు, రంగు మారదు.

ఇప్పుడు ఆవకాయలోని వెల్లుల్లి రెబ్బను చూడండి. అదే వెల్లుల్లి, అదే నూనె. కానీ మామిడి పులుపూ ఉప్పూ ఆ రెబ్బలోకి దిగాయి. అందుకే తరాలుగా తింటున్నాం. అదే వెల్లుల్లిని అల్లంతో నూరి నూనె పోసి గట్టు మీద పెడితే, దానికి వాంకూవర్ సీసాకు ఉన్న ప్రమాదమే ఉంది. అల్లం వెల్లుల్లి ముద్ద చోటు ఫ్రిజ్‌లోనే, అదీ కొద్ది రోజులకే. ఎక్కువ చేసుకుంటే గడ్డకట్టించి ఉంచుకోవాలి. తెలుగు వంటింట్లో ఫ్రిజ్ అవసరం ఆవకాయ కంటే ముందు దీనికే ఉంది.

ఆవకాయకూ ఇప్పుడు ఆ అవసరం వచ్చిందంటే కారణం ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్న ఇంట ఊరగాయలో ఉప్పు తగ్గుతోంది, నూనె తగ్గుతోంది. తగ్గించడం మంచిదే. కానీ ఉప్పు తగ్గించిన పచ్చడి అమ్మమ్మ పచ్చడి కాదు, దాన్ని అమ్మమ్మ జాడీలాగా గట్టు మీద వదిలేయకూడదు. తీసేసిన ఉప్పు చేసే పనిలో కొంత 4 డిగ్రీల చలి చెయ్యాలి. చలి కూడా చంపదు, పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్ళలో ఇది ముందే అలవాటైంది. ఊరినుంచి కట్టి తెచ్చిన పచ్చడి సగం అల్మారాలో, విప్పిన సీసా ఫ్రిజ్ తలుపులో. రెండు జాడీల పద్ధతే అది, జాడీ మాత్రం లేదు.

ఫ్రిజ్‌లో పెట్టిన పచ్చడి చెడేది ఎక్కువగా బయటికి తీసినప్పుడే. మే నెలలో విజయవాడ ఇంట్లో చల్లటి సీసా బల్ల మీద పెట్టి మూత తీస్తే, గాలిలోని చెమ్మ సీసా మీదే కాదు, లోపలి అంచుల మీదా మూత లోపలా చెమర్చుతుంది. గంట సేపు అలా ఉంచి, మళ్ళీ లోపల పెట్టి, రేపు మళ్ళీ తీస్తే, రోజుకో నాలుగు నీటి బొట్లు పచ్చడిలోకి దిగుతాయి. నెల తిరిగేసరికి మూతి దగ్గర తెల్లటి పొర కనపడుతుంది. కావలసినంత గిన్నెలోకి తీసి, సీసాను అప్పుడే లోపల పెట్టేస్తే ఆ బాధ లేదు. తలుపు అరలు ఫ్రిజ్‌లో అన్నిటికంటే వెచ్చటివి. పులుపూ ఉప్పూ దండిగా ఉన్న ఆవకాయకూ కెచప్‌కూ అవి సరిపోతాయి. ఉప్పు తగ్గించిన పచ్చళ్ళూ వెల్లుల్లి ముద్దా లోపలి అరలో వెనక్కి ఉండాలి.

ఈ పదేళ్ళలో కోడి, రొయ్యల పచ్చళ్ళ వ్యాపారం బాగా పెరిగింది. ఇళ్ళలో చేసి, ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుని, కొరియర్‌లో పంపుతున్నారు. ఎందరో ఆడవాళ్ళు దానిమీద సొంతంగా నిలదొక్కుకున్నారు. మాంసానికి మామిడికున్న పులుపు లేదు. బాగా వేయించి నీరు పోగొట్టడం, దండిగా నిమ్మరసం కలపడం, ఉప్పు సరిపడా వెయ్యడం అనే మూడూ కుదిరితేనే అది నిలుస్తుంది. ఒక్కటి తప్పినా నూనె దాన్ని కాపాడదు. కొనేవాళ్ళు ఎప్పుడు చేశారు, నిమ్మరసం ఎంత పడింది, ఆహార భద్రత లైసెన్సు ఉందా అని అడగాలి. సీసా చేతికందిన రోజునే ఫ్రిజ్‌లో పెట్టాలి.